నీళ్లలో పడ్లేదు బాబూ!

పొద్దున్న ఆరున్నరకి మా ఇంట్లో అలారం అక్కర్లేదు. ఆ టైముకి చోడవరం నుంచి నాన్న ఫోను వస్తుంది. ‘లేచారా... పిల్లకి జలుబు తగ్గిందా... సరే, ఉంటాను’. అంతే. నలభై సెకన్లు. అమ్మ పోయాక మొదలైన అలవాటు అది.

మార్చి నెలలో ఓ సోమవారం ఆ ఫోను రాలేదు. ఏడయింది. ఎనిమిదయింది. నేను చేస్తే స్విచ్చాఫ్. గుండె దడదడలాడుతుంటే పక్కింటి చిన్నాన్నకి చేశాను. ఆయన తన ఫోను పట్టుకెళ్లి నాన్నకిచ్చాడు.

‘‘నాకేటీ అవలేదమ్మా. ఫోనే పోయింది’’ అన్నాడు నాన్న.

ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. అది కాదు, ఫోనుకే ప్రాణం పోయింది. రాత్రి చార్జింగు పెడితే ఎక్కలేదట. తెల్లారేసరికి నల్ల పలక!

కిందటి దసరాకి నేనే కొనిపెట్టిన ఫోను అది. పద్నాలుగున్నర వేలు. అప్పటిదాకా నాన్న బటన్ ఫోనుతోనే నెట్టుకొచ్చాడు. మనవరాలి మొహం చూడొచ్చని ఆశపెట్టి దీన్ని చేతిలో పెట్టాను. ‘‘ఏడాది వారంటీ ఉంది నాన్నా, భయమేం లేదు’’ అన్నాను ఆ రోజు. సోమవారం కూడా అదే మాట అన్నాను. మీరైనా అదే అనేవాళ్లు.

ముందు బిల్లు వెతకాలి కదా. మా నాన్న ట్రంకుపెట్టెలో ఎరువుల బిల్లుల దగ్గర్నుంచి నా పదో తరగతి హాల్ టికెట్ దాకా అన్నీ భద్రంగా ఉంటాయి. ఫోను బిల్లూ ఉంది. కానీ అక్షరాలే లేవు! ఏటీఎం చీటీలాంటి నున్నటి కాగితం. ఆర్నెల్లలో తెల్లగా పాలిపోయింది. వేడికి నల్లబడే పూత ఉన్న కాగితం అది. రాసిందంతా సిరాతో కాదు, సెగతో. అందుకే ఉంచిన కొద్దీ వెలిసిపోతుంది. మా అదృష్టం బాగుండి, కొన్నరోజే నేను దాన్ని నా ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను. మీ ఇంట్లో అలాంటి బిల్లులేమైనా ఉంటే ఈ పూటే జిరాక్సు తీయించండి. ఇది పక్కదారి కబురే గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

కొన్న షాపు చోడవరంలోనే ఉంది. ‘‘మేం అమ్మడం వరకే మేడమ్. సర్వీసుకి విశాఖ వెళ్లాలి’’ అన్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఫోను బాగుచేయించుకోవాలన్నా, గుండె పరీక్ష చేయించుకోవాలన్నా చోడవరం జనానికి ఇప్పటికీ విశాఖే దిక్కు. నలభై కిలోమీటర్ల పైమాటే. నాన్న సబ్బవరం మీదుగా వచ్చే బస్సెక్కి ఆర్టీసీ కాంప్లెక్సులో దిగాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ఫోను డబ్బా. డబ్బాలో చార్జరు, ఇయర్‌ఫోన్ల సంచి, విప్పని వాడకపు పుస్తకం... కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే.

సర్వీస్ సెంటర్ చల్లగా ఉంది. టోకెన్ ఇచ్చారు, ముప్పై ఏడో నంబరు. గోడ మీద నిలువెత్తు పోస్టరు. అందులో ఫోను మీద నీటి బిందువులు ముత్యాల్లా జారుతున్నాయి. ఈ పోస్టరును గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

కౌంటర్లో కుర్రాడికి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. మర్యాదగానే మాట్లాడాడు. ఫోను లోపలికి తీసుకెళ్లి నలభై నిమిషాల తర్వాత వచ్చాడు.

‘‘లిక్విడ్ డామేజ్ మేడమ్. వారంటీ రాదు. మదర్‌బోర్డు మార్చాలి. ఎనిమిది వేల తొమ్మిది వందలు అవుతుంది. ఫొటోలు, నంబర్లు అన్నీ పోతాయి. ఓకేనా?’’

నాన్నకి మదర్‌బోర్డు అర్థం కాలేదు, లిక్విడ్ అర్థమైంది.

‘‘నీళ్లలో పడ్లేదు బాబూ’’ అన్నాడు.

కుర్రాడు తన ట్యాబ్ తిప్పి ఫొటో చూపించాడు. విప్పిన ఫోను లోపల పెసరగింజంత కాగితపు ముక్క. ఎర్రగా ఉంది. ‘‘ఇది తెల్లగా ఉండాలి సార్. నీళ్లు తగిలితేనే ఎర్రబడుతుంది.’’

‘‘పడ్లేదు బాబూ’’ అన్నాడు నాన్న మళ్లీ. ఈసారి గొంతు తగ్గింది. వెనక బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్లు తలెత్తి చూశారు.

సరిగ్గా అప్పుడే నేనో పొరపాటు చేశాను. నాన్న వైపు తిరిగి, ‘‘ఎప్పుడైనా తడిసిందేమో గుర్తుచేసుకో నాన్నా... స్నానానికి వెళ్లేటప్పుడు గానీ, వానలో గానీ...’’ అన్నాను. ఆయన నా మొహంకేసి చూశాడు. ఏం మాట్లాడలేదు. డబ్బా మూత పెట్టేసి, చుట్టూ రబ్బరు బ్యాండు వేసుకున్నాడు.

సరే, బాగుచేయనన్నారు కదా, ఆ ముక్కే కాగితం మీద రాసివ్వమన్నాను. సిస్టంలో అలా రాదన్నాడు కుర్రాడు. మేనేజరు వచ్చాడు. పావుగంట వాదించాక ప్రింటు తీసిచ్చారు, దాంతోపాటు పరీక్ష చార్జీల కింద రెండొందల పైచిలుకు బిల్లు. బయటికొచ్చి చదివితే ఆ జాబ్ షీటులో ఉన్నదేమిటో తెలుసా? ‘కస్టమర్ ఎస్టిమేటును నిరాకరించినందున రిపేరు చేయకుండా వాపసు ఇవ్వడమైనది’. అంటే నిరాకరించింది వాళ్లు కాదు... మేమట!

ఆ రోజు శనివారం. నేనూ నాన్నతోపాటే బస్సెక్కాను. సబ్బవరం దాకా ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగాడు, ‘‘నువ్వయినా నమ్మేవా?’’ అని. నమ్మాను అన్నాను. ఒక్క క్షణం ఆలస్యంగా అన్నాను. ఆ క్షణం ఆయనకి తెలిసిపోయింది.

ఎనిమిది వేల తొమ్మిది వందలు నాకు చిన్న మొత్తమేం కాదు. అయినా ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఆ లెక్క కాదు. డెబ్భై ఏళ్ల మనిషి మాటకీ, పెసరగింజంత కాగితం ముక్కకీ పోటీ పెడితే కాగితం ముక్కే గెలిచింది. తీర్పు చెప్పింది వాళ్లయితే, ఔననింది నేను. అందుకే ఆ ముక్క సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది.

దాన్ని లిక్విడ్ డామేజ్ ఇండికేటర్ అంటారు. సూత్రం చాలా తేలిక. ఎర్ర రంగు అద్దిన పొర మీద తెల్ల కాగితపు పొర అతికిస్తారు. నీరు తగిలితే రంగు కరిగి పైకి పాకుతుంది. సిమ్ పెట్టే గాడిలో ఒకటి, లోపల బోర్డు మీద ఒకటో రెండో ఉంటాయి. దానికి తెలిసిందల్లా తడి తగిలిందని చెప్పడమే. ఎప్పుడు తగిలింది, ఎంత తగిలింది, బావిలో పడ్డ నీళ్లా, చొక్కా జేబులో చెమటా, ఫోను పాడైంది ఆ తడి వల్లేనా... ఇవేవీ దానికి తెలియవు. చార్జింగు ఎక్కకపోవడానికి వేరే కారణం ఉండి, ఈ ముక్క దేనికదే ఎర్రబడి ఉండొచ్చు. అయినా సరే, అది ఎర్రగా కనబడగానే ఇక మిగతా పరీక్షల అవసరం ఉండదు.

ఇది మన చోడవరం గొడవే అనుకోకండి. అమెరికాలో ఈ ముక్క మీదే పెద్ద కేసు నడిచింది. చుక్క ఎర్రబడిందని చెప్పి యాపిల్ తమ ఐఫోన్లకూ, ఐపాడ్ టచ్‌లకూ వారంటీ ఇవ్వలేదని వాడకందార్లు కోర్టుకెక్కారు. ఆ చుక్కల టేపు తయారుచేసేది త్రీఎం అనే కంపెనీ. గాలిలో తేమ ఎక్కువకాలం ఉంటే అది నీళ్లు తగలకుండానే రంగు మారొచ్చని ఆ కంపెనీ మనిషే చెప్పినట్టు కేసు కాగితాల్లో ఉంది. చివరికి 2013లో యాపిల్ తప్పు ఒప్పుకోకుండానే 5.3 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. అక్కడే తేమ పేచీ వచ్చిందంటే, ఉతికిన చొక్కా నీడలో సాయంత్రానికి కూడా ఆరని మన సముద్ర తీరం మాటేమిటి? ఆ ముక్కకి ఉప్పుగాలి గురించి ఎవరైనా చెప్పారా?

ఇప్పుడు గోడ మీది పోస్టరు దగ్గరికి వద్దాం. నాన్న ఫోను డబ్బా మీద ‘ఐపీ54’ అని ఉంది. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. నాలుగంటే, ఏ వైపు నుంచి చిందినా హాని చేయదని అర్థం. ఏడైతే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఫరవాలేదని. ఇవన్నీ ప్రయోగశాలలో, కొత్త ఫోను మీద, మంచినీళ్లతో చేసిన పరీక్షలు. పోస్టరులో ఈ వివరం ఉండదు. అక్కడ ముత్యాలే ఉంటాయి. వారంటీ పుస్తకంలో మాత్రం చీమతలకాయంత అక్షరాల్లో ‘ద్రవాల వల్ల, తేమ వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదు’ అని ఉంటుంది. తడిసినా ఫరవాలేదని చెప్పి అమ్ముతారు, తడిసిందని చెప్పి వెనక్కి పంపుతారు.

ఈ రెండు నాలుకల వ్యవహారాన్ని కొన్ని దేశాలు పట్టుకున్నాయి. నీటికి తట్టుకుంటుందని ప్రకటించి, నీటి నష్టానికి వారంటీ ఇవ్వకపోవడం జనాన్ని తప్పుదారి పట్టించడమేనని 2020 నవంబరులో ఇటలీ సంస్థ యాపిల్‌కి కోటి యూరోల జరిమానా వేసింది. ఈత కొలనుల్లో, సముద్రపు నీళ్లలో ఫోన్లు వాడుతున్నట్టు ప్రకటనలిచ్చిన శాంసంగ్‌కి 2022లో ఆస్ట్రేలియా కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. తడి ఆరకముందే చార్జింగు పెడితే ఆ ఫోన్లు తుప్పు పట్టే ప్రమాదం ఉందని అక్కడ తేలింది మరి!

ఈ సంగతులన్నీ మర్నాడు నాన్నకి చదివి వినిపించాను. ఆస్ట్రేలియా, ఇటలీ ఆయనకి పట్టలేదు. చుక్క రంగు దగ్గర మాత్రం ఆగాడు.

‘‘మన బెల్లం కూడా అంతే కదమ్మా’’ అన్నాడు.

చెరుకు తెలిసిన ఊరివాళ్లకి ఈ మాట చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్తాను. మా వైపు రైతులు కొందరు చెరుకు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి తోలేవారు, కొందరు గానుగ ఆడి బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకి తీసుకెళ్లేవారు. నాన్న రెండూ చేశాడు. అనకాపల్లిలో బెల్లం రేటు రంగు మీద ఉంటుంది. పసుపు తేలితే ఒకటో రకం, నల్లబడితే మూడో రకం. వండేవాడు ఎంత కష్టపడ్డాడో, చెరుకు ఏ నేలదో ఎవరికీ అక్కర్లేదు. దిమ్మ రంగు చూసి వ్యాపారి చెప్పిందే మాట.

‘‘అయితే అక్కడ వేలం ఉంటాది’’ అన్నాడు నాన్న. ‘‘ఒకడు నలుపంటే ఇంకొకడు కాదంటాడు. మరొకడు రెండు రూపాయలు పెంచుతాడు. నచ్చకపోతే బండి తిప్పుకుని ఇంటికొచ్చేస్తాం. ఈ ఫోను కాడ చూసేది ఒక్కడే. డబ్బులు పెట్టుకోవాల్సిందీ ఆడే. ఆడు ఎరుపనక ఏటంతాడు?’’

నేను నాలుగు రోజులు తిరగేసిన కాగితాల సారం ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఫోను చెడిందా లేదా అన్నది తేల్చేది, తేలితే ఖర్చు భరించాల్సినవాడే. మరో చోట చూపించుకుందామంటే కుదరదు. మా చోడవరంలో ఫోన్లు బాగుచేసే అబ్బాయి ఒకడున్నాడు, చెయ్యి మంచిది. పావుగంటలో విప్పి లోపల తుప్పు ఉందో లేదో చెప్పేస్తానన్నాడు. కానీ బయటివాడు విప్పితే ఆ క్షణమే వారంటీ పోతుందని పుస్తకంలో ఉంది. నీళ్లు లేవని చూపించాలంటే విప్పాలి, విప్పితే చూపించే హక్కే పోతుంది! బయటివాళ్ల చేత బాగుచేయించుకున్నారన్న సాకుతో కొనుగోలుదార్లకి మొండిచెయ్యి చూపినందుకే 2018లో ఆస్ట్రేలియాలో యాపిల్ 90 లక్షల డాలర్ల జరిమానా కట్టాల్సొచ్చింది. మన దగ్గర 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ ‘బాగుచేయించుకునే హక్కు’ పేరిట ఓ పోర్టల్ తెరిచింది. కంపెనీలు విడిభాగాల వివరాలు, వారంటీ షరతులు అందులో పెట్టాలన్నది ఆలోచన. మంచిదే. కానీ నాన్న ఫోనుని తెరిచే ధైర్యం మా అబ్బాయికి అది ఇవ్వలేకపోయింది.

ఇంతకీ నిరూపించాల్సింది ఎవరు? ఐరోపాలో 1999 నాటి నిబంధన ప్రకారం అమ్మిన సరుకుకి రెండేళ్లు అమ్మినవాడిదే పూచీ. మొదటి ఆరు నెలల్లో లోపం బయటపడితే అది అమ్మిననాడే ఉందని లెక్క. కాదంటే అమ్మినవాడే నిరూపించుకోవాలి. 2022 నుంచి ఆ గడువుని ఏడాదికి పెంచారు. మన చట్టాల్లో ఫోనుకి ఇన్నాళ్లు వారంటీ ఇచ్చితీరాలన్న మాట లేదు. కంపెనీ ఎంత ఇస్తే అంత. అయితే వారంటీ పుస్తకమే చట్టం కాదు. ఆ వ్యాపారంలో ఉన్నవాడు అమ్మిన సరుకు పనికొచ్చేదిగా ఉండాలన్నది, కాగితం మీద రాయకపోయినా రాసినట్టేనని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టమే చెప్పింది. దాని తర్వాత 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది.

ఈ కొత్త చట్టంలో చోడవరంలాంటి ఊళ్లవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటుంది. పాత చట్టంలో కంపెనీ ఆఫీసు ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయాలి. ఇప్పుడు కొన్నవాడు ఉంటున్న చోటే, తన జిల్లాను చూసే కమిషన్లోనే వేసుకోవచ్చు. సరుకు విలువ అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలుని పెట్టుకోవాలన్న నియమం లేదు, రెండేళ్లలోగా వేస్తే చాలు. అన్నిటికన్నా ముఖ్యం... పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ ఆ వస్తువుని ప్రయోగశాలకి పంపించవచ్చు. ఆ పరీక్ష రుసుము మాత్రం ముందు మనమే కట్టాలి. ఇదీ నాన్న అడిగిన వేలంపాటలాంటిదే. చూసేవాడు వేరు, డబ్బులు పెట్టుకునేవాడు వేరు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అలా తేలిపోతుందని మీకు హామీ ఇచ్చేంత అమాయకురాలిని కాను. వాయిదాల సంగతి మనందరికీ తెలిసిందే.

చిన్నాన్న మాత్రం ‘‘కొత్త ఫోనే ఇమ్మని అడుగు, ఊరికే వదలకు’’ అని ఎగదోశాడు. కొత్తదే కావాలని పట్టుబట్టడం అన్నిసార్లూ నిలవదు. 2006లో మారుతి కారు కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతే చెప్పింది. వారంటీ అంటే చెడిన భాగాన్ని బాగుచేయడమో, మార్చడమో. కారు మొత్తం మార్చడం కాదని. మాక్కావాల్సిందీ అంతే. చెడింది బాగుచేయమని.

కేసుకన్నా ముందు ఇంకో మెట్టు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. నేను చేశాను. విన్న అమ్మాయి ఓపిగ్గా అన్నీ రాసుకుంది. జాబ్ షీటు, బిల్లు ఫొటో పంపమంది. ఒక మాట... హెల్ప్‌లైనంటే కోర్టు కాదు. మన ఫిర్యాదుని కంపెనీకి చేర్చి, జవాబు రాబట్టడం వాళ్ల పని. శిక్షించే అధికారం ఉండదు.

జవాబు వచ్చింది. మొదట, సర్వీస్ సెంటర్లో చెప్పిందే అచ్చుగుద్దినట్టు. నేను మళ్లీ రాశాను. తుప్పు ఎక్కడుందో చూపించండి, చార్జింగు ఎక్కకపోవడానికీ ఆ చుక్కకీ సంబంధమేమిటో చెప్పండి అని. రెండు వారాలు చప్పుడు లేదు. మూడో వారం ఓ మేడమ్ ఫోను చేసింది. గొంతు నిండా తేనె. ‘‘మీరు మాకు విలువైన కస్టమర్. ప్రత్యేక కేసుగా తీసుకుని మదర్‌బోర్డు మీద యాభై శాతం తగ్గిస్తాం. మిగతా సగం మీరు కడితే చాలు’’.

నిజం చెప్పనా? నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగున్నర వేలతో పీడ వదిలిపోతుంది. ఈ ఆఫీసు పని, పిల్ల బడి, వారం వారం ఈ కాలమ్... వీటి మధ్య కమిషన్ మెట్లెక్కే తీరికెక్కడిది? వెంటనే నాన్నకి చెప్పాను. అప్పటికి ఆయన సిమ్ము తీసి పాత బటన్ ఫోనులో వేసుకున్నాడు. ఆరున్నర ఫోను మళ్లీ వస్తోంది. మనవరాలి మొహమే కనబడటం లేదు.

‘‘సగమేటి?’’ అన్నాడాయన. ‘‘సగం తడిసిందనా?’’

‘‘అది కాదు నాన్నా, వాళ్లూ కొంచెం దిగారు, మనమూ కొంచెం...’’

‘‘తడిసిందంటే మొత్తం నేనే కడతాను. తడవలేదంటే ఆళ్లే కట్టాలి. ఏదో ఒకటి సెప్పమను. మధ్యలో సగమెక్కడిది?’’

నేను ఆ సాయంత్రం దాకా నానా రకాలుగా నచ్చజెప్పి చూశాను. ఆ డబ్బులు నేనే కట్టేస్తానన్నాను. అది అనకుండా ఉండాల్సింది. ‘‘నువ్వు కట్టేస్తే నాను నీళ్లలో పడేసినట్టే కదమ్మా’’ అన్నాడు. ఇక మాట్లాడటానికి ఏం మిగల్లేదు.

జూన్‌లో ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం. అమ్మిన షాపునీ, సర్వీస్ సెంటరునీ, కంపెనీనీ ముగ్గురినీ చేర్చాం. షాపతన్ని చేర్చడం నాన్నకి ఇష్టం లేదు. ‘తెలిసినవాడు, దసరాకి మిఠాయి కూడా పెట్టాడు’ అని. అమ్మినవాడిగా అతన్ని కూడా చేర్చాలమ్మా అని నాకు తెలిసిన ఒక లాయరుగారు చెప్పారు. పెద్దాయన. ఫీజు వద్దని, కాఫీ తాగించమని అన్నారు. ఈ కమిషన్లలో విచారణ ఎక్కువగా కాగితాల మీద, ప్రమాణ పత్రాల మీద నడుస్తుందట. అందుకని నాన్న చేత అఫిడవిట్ ఇప్పించాలి.

లాయరుగారు టైపు చేయించి తెచ్చిన కాగితాన్ని నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ‘నా ఫోను ఎన్నడూ నీటిలో పడలేదని, తడి తగలలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను’. పెన్ను తీశాడు. సంతకం పెట్టలేదు.

‘‘నీళ్లలో పడ్లేదు. అది నిజం’’ అన్నాడు. ‘‘తడి తగల్లేదని రాసేరే...’’

‘‘తగిలిందా నాన్నా?’’ అన్నాను, నా గుండె జారిపోయి.

‘‘సంక్రాంతి ముందు మన చెరుకు బెల్లం వండించాం కదా. మూడు రోజులు పెనం కాడే ఉన్నాను. ఫోను జేబులోనే ఉంది. రసం మరిగితే ఆవిరి కొడతాది కదమ్మా. చొక్కా తడిసిపోతాది.’’

పెనం దగ్గర నిలబడ్డవాళ్లకి ఆ ఆవిరి ఎలా ఉంటుందో తెలుసు. చిన్నప్పుడు నేనూ నిలబడ్డాను. మొహం మీద తీపి తేమ అంటుకుని సాయంత్రానికి జుట్టు అట్టకడుతుంది. చెరుకు పండే ఊరిలో, బెల్లం వండే మనిషి జేబులో ఉండటానికి కొన్న ఫోను అది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. నాన్నకి మాత్రం ఎన్నాళ్ల నుంచి ఉందో!

లాయరుగారు కుర్చీలో ముందుకి జరిగారు. ‘‘బాబాయ్, అది మీరు చెప్పక్కర్లేదు. ఎవరూ అడగలేదు. ఆవిరన్నారంటే తేమ అంటారు, తేమ మాకు వర్తించదని పుస్తకం చూపిస్తారు. కేసు మనమే చెడగొట్టుకున్నట్టు అవుతుంది’’ అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేనూ తలూపాను.

‘‘అయితే ఆవిరి తగిల్తే పాడైపోయే ఫోను మాకెందుకమ్మేరని అడగండి’’ అన్నాడు నాన్న. ‘‘నీళ్లలో పడ్లేదని ప్రమాణం చేస్తాను. ఆవిరి తగల్లేదని మాత్రం నాను సెయ్యను. అదీ రాయండి.’’

లాయరుగారు నా వైపు చూశారు. నేను నాన్న వైపు చూశాను. ఈసారి ఆలస్యం చేయలేదు.

‘‘రాయండి సార్’’ అన్నాను.

కాగితం మళ్లీ టైపుకి వెళ్లింది. నాన్న కాఫీ తాగుతూ, జేబులోంచి బటన్ ఫోను తీసి టైము చూసుకున్నాడు. ఆఖరి బస్సు దాటిపోకుండా కాంప్లెక్సుకి వెళ్లాలి కదా.